గీత గీసే చెయ్యి ఎవరిది?
అలబామా కాంగ్రెస్ స్థానాలు, నల్లజాతి ఓటు, మన రిజర్వుడు సీటు

2024 నవంబర్ 5న అమెరికా దక్షిణాదిలోని అలబామా రాష్ట్రంలో ఏడు కాంగ్రెస్ స్థానాలకు ఎన్నికలు జరిగాయి. అయిదు రిపబ్లికన్ పార్టీకి వచ్చాయి, రెండు డెమోక్రటిక్ పార్టీకి వచ్చాయి. ఆ రెండు చోట్లా గెలిచినవాళ్లు నల్లవాళ్లే. ఏడో నియోజకవర్గంలో టెర్రీ సూయెల్, రెండో నియోజకవర్గంలో షొమారి ఫిగర్స్. అలబామా 1819లో రాష్ట్రమయింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఇద్దరు నల్లజాతి సభ్యులు ఒకేసారి కాంగ్రెస్‌కు వెళ్లడం ఇదే మొదలు. ఆ రాష్ట్ర జనాభాలో నల్లవాళ్లు సుమారు 27 శాతం.

దీనికి సరిగ్గా రెండేళ్ల ముందు, 2022లో, ఇదే రాష్ట్రంలో ఇదే జనం ఓటేశారు. అప్పుడు ఒక్కరే గెలిచారు. ఈ రెండేళ్లలో నల్లవాళ్ల జనాభా రెట్టింపు కాలేదు. తెల్లవాళ్ల మనసూ మారలేదు. కొత్త పార్టీ పుట్టలేదు. మారింది ఒక్కటే: నియోజకవర్గాల మధ్య గీత. గీత కొంచెం జరిగితే ఒక సీటు పుట్టింది. అంటే అంతకుముందు అదే గీత ఆ సీటును మింగి కూర్చుందన్న మాట.

ఓటు మీద మనం చాలా రాసుకున్నాం, చాలా మాట్లాడుకున్నాం. మన ఓటు ఎవరు కొన్నారు, ఎవరు వెయ్యనివ్వలేదు, ఎవరు మన ఓట్లతో గెలిచి మన వాడ మొహం చూడలేదు, ఇవన్నీ మనకు తెలిసిన సంగతులే. కానీ ఓటు పెట్టెలో పడకముందే దాని విలువ తేల్చేసే పని ఒకటుంది. అదే సరిహద్దులు గీసే పని. దాన్ని ఆఫీసర్ల పని, లెక్కల పని అనుకుని మనం పెద్దగా పట్టించుకోలేదు. అలబామా నల్లజాతి ప్రజలు మాత్రం అరవై ఏళ్లకు పైగా ఆ గీత మీదే కొట్లాడుతున్నారు. వాళ్ల కథ మన విద్యార్థులకు, కార్యకర్తలకు ఎందుకు అవసరమో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందు ఆట నియమాలు

కాంగ్రెస్ అనగానే మనకు పార్టీ గుర్తొస్తుంది. అక్కడ కాంగ్రెస్ అంటే పార్లమెంటు. అందులో కింది సభకు 435 స్థానాలు. రెండేళ్లకోసారి ఎన్నిక. పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీసి ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేలుస్తారు. 1970 లెక్కల తర్వాత అలబామాకు ఏడు మిగిలాయి, ఇప్పటికీ ఏడే. సీట్ల సంఖ్య కేంద్రం తేలుస్తుంది గానీ, రాష్ట్రం లోపల సరిహద్దులు గీసేది మాత్రం చాలా రాష్ట్రాల్లో ఆ రాష్ట్ర శాసనసభే. అంటే గెలిచిన పార్టీయే వచ్చే ఎన్నికల గీతలు గీసుకుంటుంది. కబడ్డీ ఆటలో ఒక జట్టుకే ముగ్గుపిండి ఇచ్చి బరి గియ్యమన్నట్టు.

ఇంకోటి కూడా తెలుసుకోవాలి. అక్కడ నల్లవాళ్లకు రిజర్వుడు స్థానాలు లేవు. ఫలానా సీటుకు నల్లవాళ్లే పోటీ చెయ్యాలన్న చట్టం లేదు. వాళ్లకున్నదల్లా ఎక్కువమంది ఒక చోట వుండడం, ఒక మాట మీద ఓటెయ్యడం. ఆ చోటును గీతతో ముక్కలు చేస్తే వాళ్లకేమీ మిగలదు.

ముక్కలు చెయ్యడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి చీల్చడం. లక్షమంది నల్లవాళ్లు ఒక చోట వుంటే, వాళ్లను నాలుగు నియోజకవర్గాల్లోకి పంచి ప్రతి చోటా మైనారిటీ చెయ్యడం. రెండోది కుక్కడం. వీలైనంతమంది నల్లవాళ్లను ఒకే నియోజకవర్గంలో కుక్కి, అక్కడ ఎనభై శాతం మెజారిటీతో గెలవనిచ్చి, మిగతా అన్నిచోట్లా వాళ్ల అవసరం లేకుండా చేసుకోవడం. చీలిస్తే సున్నా, కుక్కితే ఒకటి. అలబామాలో ఈ రెండూ ఒకే పటంలో పక్కపక్కనే జరిగాయి.

నల్లమట్టి నేల

అలబామా నడుమ తూర్పు నుంచి పడమరకు ఒక నల్లమట్టి నేల సాగుతుంది. దాన్ని బ్లాక్ బెల్ట్ అంటారు. మొదట ఆ పేరు మట్టికి వచ్చింది. పత్తి బాగా పండే నేల కాబట్టి పందొమ్మిదో శతాబ్దంలో తెల్ల భూస్వాములు బానిసలను లక్షల సంఖ్యలో అక్కడికి తోలుకొచ్చారు. తర్వాత ఆ పేరు మనుషులకు కూడా అంటుకుంది. డల్లాస్, లౌండెస్, విల్‌కాక్స్, పెర్రీ, గ్రీన్, సమ్టర్, మేకన్ లాంటి కౌంటీల్లో ఈనాటికీ నల్లవాళ్లే ఎక్కువ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోవచ్చు, కాకపోతే చాలా చిన్నది.

అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక నల్ల మగవాళ్లకు ఓటొచ్చింది. వెంటనే ఫలితం కనిపించింది. 1871 నుంచి 1877 దాకా ఈ రాష్ట్రం నుంచి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు నల్లవాళ్లు కాంగ్రెస్‌కు వెళ్లారు: బెంజమిన్ టర్నర్, జేమ్స్ రేపియర్, జెరెమయా హరాల్సన్. వీళ్లలో టర్నర్, హరాల్సన్ బానిసలుగా పుట్టినవాళ్లు. ఆ తర్వాత తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకోవడానికి 1992 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 115 ఏళ్లు.

తలుపు మూసింది మొదట తుపాకీ, తర్వాత చట్టం. 1901లో అలబామా కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఆ సభకు అధ్యక్షత వహించిన జాన్ నాక్స్, తెల్లవాళ్ల ఆధిపత్యాన్ని చట్టబద్ధంగా నిలబెట్టడమే తమ పని అని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఓటు పన్ను, చదువు పరీక్ష, ఆస్తి అర్హత పెట్టారు. ఈ ఓటు నియమాల్లో ఎక్కడా నల్లవాడు అన్న మాట రాయాల్సిన అవసరమే రాలేదు. అంతకుముందు లక్షా 80 వేలకు పైగా వున్న నల్ల ఓటర్లు రెండేళ్లలో మూడు వేల లోపుకు పడిపోయారు. పేద తెల్లవాళ్లు కూడా చాలామంది ఓటు పోగొట్టుకున్నారు. కులం పేరెత్తకుండానే కులం పని చేసే చట్టాలు మనకు కొత్తేం కాదు కదా.

ఇక్కడొక విచిత్రముంది. ఓటు తీసేశారు గానీ తలలు లెక్కపెట్టడం మానలేదు. బానిసత్వం వున్న రోజుల్లో అమెరికా రాజ్యాంగం అయిదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కగట్టి, ఆ లెక్కతో వాళ్ల యజమానులకు సీట్లిచ్చింది. 1901 తర్వాత తలలు పూర్తిగానే లెక్కకొచ్చాయి, సీట్లు మాత్రం భూస్వాములకే పోయాయి. అలబామా శాసనసభ 1901 తర్వాత అరవై ఏళ్లు సరిహద్దులు మార్చలేదు. సుమారు 15 వేల జనమున్న లౌండెస్ కౌంటీకి ఒక సెనేటరు. బర్మింగ్‌హామ్ నగరమున్న జెఫర్సన్ కౌంటీలో ఆరు లక్షల పైచిలుకు జనానికీ ఒక్కడే సెనేటరు. పైకి చూస్తే నల్లవాళ్లెక్కువున్న లౌండెస్‌కే లాభం జరిగినట్టుంది. కానీ ఆ కౌంటీలో పది మందిలో ఎనిమిది మంది నల్లవాళ్లు, 1965 మొదట్లో ఓటరు జాబితాలో ఒక్క నల్లవాడి పేరు లేదు. కొద్దిమంది తెల్ల భూస్వాములు వేలమంది నల్లవాళ్ల తలల మీద నిలబడి రాష్ట్రాన్ని ఏలారు. 1964లో రేనాల్డ్స్ కేసులో సుప్రీం కోర్టు ఈ పద్ధతిని కొట్టేసింది. జనాన్ని బట్టే సీటుండాలంది. ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒకే విలువ అన్న సూత్రం అక్కడ చట్టంలోకి గట్టిగా వచ్చింది ఈ అలబామా కేసు నుంచే.

కోడిపుంజు, నల్లచిరుత

1965 మార్చి 7న సెల్మా పట్టణంలో ఓటు హక్కు కోసం బయల్దేరిన ఊరేగింపును ఎడ్మండ్ పెట్టస్ వంతెన మీద పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో కుళ్లబొడిచారు. ఆ ఏడాదే ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. అలబామాలో అప్పటిదాకా ఓటరుగా నమోదైన నల్లవాళ్లు 20 శాతం లోపు. రెండేళ్లలో 50 శాతం దాటారు.

ఈ చరిత్రలో మనకు నేరుగా సంబంధమున్న ఘట్టం లౌండెస్ కౌంటీది. ఓటరుగా పేరు రాయించుకున్న కౌలుదార్లను భూస్వాములు పొలాల నుంచి వెళ్లగొట్టారు. వాళ్లు 80వ నంబరు రోడ్డు పక్కన డేరాలు వేసుకుని బతికారు. 1985లో కారంచేడు వదిలి చీరాలలో శిబిరం వేసుకున్న మనవాళ్లకు ఈ డేరాలు ఎట్లాంటివో ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

ఆ కౌంటీ నల్లవాళ్లు స్టోక్లీ కార్మైకేల్ లాంటి యువకుల తోడుతో సొంత పార్టీ పెట్టుకున్నారు. చదువురాని ఓటర్ల కోసం అక్కడ కూడా పార్టీలకు గుర్తులుండేవి. అలబామా డెమోక్రటిక్ పార్టీ గుర్తు తెల్ల కోడిపుంజు. ఆ పుంజు మీద తెల్లజాతి ఆధిపత్యం అన్న నినాదం 1966 దాకా అచ్చయ్యేది. దానికి ఎదురుగా వీళ్లు పెట్టుకున్న గుర్తు నల్లచిరుత. 1966 నవంబర్ ఎన్నికల్లో వీళ్లంతా ఓడిపోయారు. 1970లో మాత్రం ఆ ఉద్యమ నాయకుడు జాన్ హ్యూలెట్ అదే కౌంటీకి షెరీఫ్‌గా గెలిచాడు. ఆ చిరుతను 1966లోనే కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ యువకులు తీసుకుని బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ధసాల్, జె.వి. పవార్, రాజా ధాలే లాంటివాళ్లు పెట్టిన దళిత్ పాంథర్స్ పేరు అక్కడిది. లౌండెస్ కౌంటీ పత్తి చేలల్లో చదువురాని ఓటరు కోసం బొమ్మ గీస్తే, ఆ బొమ్మ బొంబాయి మురికివాడలకు నడిచొచ్చింది. మన ఉద్యమ చరిత్రలో ఎన్నికల గుర్తుకున్న బలం ఇది.

ఓటు వచ్చింది, గీత అడ్డొచ్చింది

ఓటు ఇచ్చాక దాన్ని పనికిరాకుండా చెయ్యడమెట్లా అన్న విద్య అలబామాకు ముందే తెలుసు. 1957లో టస్కీగీ పట్టణంలో నల్ల ఓటర్లు పెరుగుతున్నారని శాసనసభ ఆ పట్టణం సరిహద్దునే మార్చేసింది. నలుచదరంగా వున్న పట్టణం 28 మూలల వింత బొమ్మయింది. సుమారు 400 మంది నల్ల ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ ఊరి బయటికి పోయారు. ఒక్క తెల్ల ఓటరూ పోలేదు. ఇంట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెలి అయిపోయాడు. మన ఊళ్లలో వాడ ఊరి బయట వుంటుంది. అక్కడ ఊరే లేచి వాడ నుంచి పక్కకు జరిగింది. 1960లో గోమిలియన్ కేసులో సుప్రీం కోర్టు దీన్ని కొట్టేసింది.

తర్వాత మొబైల్ నగరం వంతు. అక్కడ మూడో వంతు జనం నల్లవాళ్లు. నగరాన్ని ఏలే ముగ్గురు కమిషనర్లను వార్డుల వారీగా కాక నగరమంతా కలిపి ఎన్నుకునేవాళ్లు. దాంతో ఒక్క నల్లవాడూ ఎప్పుడూ గెలవలేదు. 1980లో సుప్రీం కోర్టు, మీకు నష్టం జరిగిందని చూపిస్తే చాలదు, నష్టం చెయ్యాలన్న ఉద్దేశం వుందని రుజువు చెయ్యమంది. కొట్టినవాడి మనసులో ఏముందో దెబ్బ తిన్నవాడు చెప్పాలట! దీనిమీద పెద్ద ఆందోళన జరిగింది. 1982లో కాంగ్రెస్ ఓటు హక్కుల చట్టం రెండో సెక్షన్‌ను సవరించింది. ఉద్దేశం కాదు, ఫలితం చూడాలంది. అత్యాచారాల కేసుల్లో, కులం వల్లే కొట్టారని రుజువేదీ అని మన కోర్టులడిగే ప్రశ్న గుర్తున్నవాళ్లకు ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఆ సవరణ పండు 1992లో చేతికొచ్చింది. జనాభా లెక్కల తర్వాత కోర్టు ద్వారా ఏడో నియోజకవర్గం నల్లవాళ్లు మెజారిటీగా ఏర్పడింది. ఎర్ల్ హిలియర్డ్ గెలిచాడు. 2002లో పార్టీ లోపలి ఎన్నికలో ఆర్తర్ డేవిస్ అతన్ని ఓడించాడు. 2010లో సెల్మాలో పెరిగిన టెర్రీ సూయెల్ గెలిచింది. అలబామా నుంచి కాంగ్రెస్‌కు వెళ్లిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె.

సంతోషమే. కానీ ఏడో నియోజకవర్గం పటం చూడండి. బ్లాక్ బెల్ట్ పల్లెలతో పాటు బర్మింగ్‌హామ్ నల్లపేటలను కలుపుకోవడానికి అది ఒక వేలు చాపింది, ఇంకో వైపు మాంట్‌గమరీ దాకా పోయింది. మిగిలిన బ్లాక్ బెల్ట్‌ను ఒకటి, రెండు, మూడు నియోజకవర్గాల్లోకి చీల్చారు. ఒక చోట కుక్కుడు, మూడు చోట్ల చీలిక. మిగతా ఆరుగురు సభ్యులు నల్లవాళ్ల గడప తొక్కకుండానే గెలవడం అలవాటు చేసుకున్నారు. 27 శాతం జనానికి ఏడింట ఒకటి, అంటే 14 శాతం సీట్లు.

మిల్లిగన్ కేసు

2013లో అలబామాలోని షెల్బీ కౌంటీ వేసిన కేసులోనే సుప్రీం కోర్టు ఓటు హక్కుల చట్టానికి వెన్నెముక లాంటి ఏర్పాటును విరిచింది. అప్పటిదాకా దక్షిణాది రాష్ట్రాలు ఎన్నికల నియమం ఏది మార్చినా కేంద్రం అనుమతి ముందే తీసుకోవాలి. ఆ కట్టడి పోయింది. ఇక దెబ్బ తిన్నాకే కోర్టుకు పోవాలి.

2021లో శాసనసభ కొత్త పటం గీసింది. మళ్లీ ఒక్కటే నల్ల మెజారిటీ స్థానం. ఎవన్ మిల్లిగన్, మరికొందరు ఓటర్లు, పౌరహక్కుల సంఘాలు కేసు వేశారు. 2022 జనవరిలో ముగ్గురు జడ్జీల కోర్టు ఏకగ్రీవంగా ఆ పటాన్ని ఆపింది. ఆ ముగ్గురిలో ఇద్దరు ట్రంప్ నియమించినవాళ్లే. అయినా ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఎన్నికలు దగ్గరపడ్డాయన్నది ముఖ్యమైన వాదన. అట్లా తప్పని తేలిన పటంతోనే 2022 ఎన్నికలు జరిగిపోయాయి. ఆలస్యం కూడా ఒక తీర్పేనని మనకు చుండూరు కేసు నేర్పింది.

2023 జూన్ 8న సుప్రీం కోర్టు అయిదు నలుగురి తేడాతో ఓటర్ల పక్షాన తీర్పు చెప్పింది. రెండో స్థానంలో కూడా నల్లవాళ్లు తమకు నచ్చినవాళ్లను గెలిపించుకునే అవకాశం వుండాలని తేలింది. జులైలో శాసనసభ ఏం చేసింది? ఇంకో పటం గీసి, రెండో నియోజకవర్గంలో నల్ల ఓటర్లను 40 శాతం దగ్గర ఆపింది. దేశపు అత్యున్నత కోర్టు చెప్పినా మేము చెయ్యం అన్న ధీమా అది. సెప్టెంబర్‌లో కింది కోర్టు దాన్నీ కొట్టేసి, తను నియమించిన నిపుణుడి చేత పటం గీయించి అక్టోబర్ 5న ఖాయం చేసింది. కొత్త రెండో నియోజకవర్గం మొబైల్ నగరం నల్లపేటల నుంచి మాంట్‌గమరీ మీదుగా తూర్పున జార్జియా సరిహద్దు దాకా సాగుతుంది. ఓటు వయసువాళ్లలో నల్లవాళ్లు 49 శాతం దగ్గర. ఏడో దాంట్లో 52 శాతం దగ్గర.

ఏడు స్థానాల్లో ఏం జరిగింది

ఒక్క గీత జరిగితే రాష్ట్రమంతా కదిలింది. రెండో నియోజకవర్గం సభ్యుడు బారీ మూర్, ఇక తనకక్కడ చోటు లేదని ఒకటో నియోజకవర్గానికి పోయి, తన పార్టీ సభ్యుడే అయిన జెర్రీ కార్ల్‌ను 2024 మార్చి ప్రైమరీలో ఓడించాడు. ప్రైమరీ అంటే పార్టీ అభ్యర్థిని ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో కాక ఓటర్లే ఎన్నుకునే ఎన్నిక. ఖాళీ అయిన రెండో స్థానంలో డెమోక్రటిక్ ప్రైమరీకి పదిమందికి పైగా ఎగబడ్డారు. గెలుస్తామన్న ఆశ పుడితే నాయకులు ఎట్లా పుట్టుకొస్తారో దీన్ని చూస్తే తెలుస్తుంది. నాయకత్వం లేదు కాబట్టి సీటు లేదంటారు. నిజానికి సీటు దారి మూసేశారు కాబట్టే నాయకత్వం కనపడలేదు.

ఏప్రిల్‌లో జరిగిన రెండో విడతలో గెలిచిన షొమారి ఫిగర్స్, నవంబర్‌లో రిపబ్లికన్ అభ్యర్థి కారొలీన్ డాబ్సన్ మీద సుమారు 54 శాతం ఓట్లతో గెలిచాడు. ఇతని తండ్రి మైకేల్ ఫిగర్స్ మొబైల్ లాయరు, రాష్ట్ర సెనేటరు. 1981లో మొబైల్‌లో క్లూ క్లక్స్ క్లాన్ వాళ్లు మైకేల్ డోనల్డ్ అనే నల్ల యువకుణ్ణి చంపి చెట్టుకు వేలాడదీశారు. ఆ తల్లి బ్యూలా మే డోనల్డ్ తరఫున నడిచిన కేసులో ఆయన పనిచేశాడు. 1987లో జ్యూరీ ఆ క్లాన్ సంస్థ 70 లక్షల డాలర్లు కట్టాలంది. సంస్థ దివాలా తీసింది. ఈ సీటు వెనక అంత నడక వుంది.

మిగతా చోట్ల? మూడులో మైక్ రోజర్స్, నాలుగులో రాబర్ట్ ఆడెర్‌హోల్ట్, అయిదులో డేల్ స్ట్రాంగ్. ఈ మూడు చోట్లా డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థినే నిలబెట్టలేదు. ఆరులో గ్యారీ పామర్ సులువుగా గెలిచాడు. అంటే నిజమైన పోటీ ఒకటో రెండో చోట్లే. మిగతావన్నీ గీత గీసిననాడే అయిపోయిన ఎన్నికలు.

2025 మేలో అదే ముగ్గురు జడ్జీల కోర్టు ఇంకో మెట్టెక్కింది. 2023లో శాసనసభ నల్లవాళ్ల ఓటును కావాలనే నీరుగార్చిందని తీర్పు చెప్పింది. ఫలితమే కాదు, ఉద్దేశమూ రుజువైంది. ఇంకో పక్క, 2025 అక్టోబర్‌లో సుప్రీం కోర్టు లూసియానా పటం కేసులో, జాతిని చూసి ఇట్లాంటి స్థానం గియ్యడమే రాజ్యాంగ విరుద్ధం కాదా అన్న ప్రశ్న మీద రెండోసారి వాదనలు విన్నది. నల్లవాళ్లను చీల్చేటప్పుడు అడ్డురాని రాజ్యాంగం కలిపేటప్పుడు అడ్డొస్తుంది. ప్రతిభ వాదం మనకెంత పాతదో ఇదీ అంతే పాతది.

మన సీటు సంగతి

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. అంబేద్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్లు పెట్టుకున్న అర్జీ సంగతి అడిగారు. ఇద్దరి ముందూ వున్నది ఒకే చిక్కు. మెజారిటీ ఎప్పటికీ మారని చోట మైనారిటీ ఓటుకు విలువెట్లా?

1932 కమ్యూనల్ అవార్డు మన ప్రతినిధిని మనమే ఎన్నుకునే 71 స్థానాలిచ్చింది. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం ఆ పద్ధతి తీసేసి ఉమ్మడి ఓటర్లతో 148 స్థానాలిచ్చింది. సంఖ్య పెరిగింది, తాళంచెవి చెయ్యి మారింది. అందులో కూడా ఒక ప్రైమరీ వుండేది. దళిత ఓటర్లు నలుగురిని ఎంపిక చేస్తే, వాళ్లలో ఒకర్ని అందరూ కలిసి ఎన్నుకోవాలి. దళితులు ముందు నిలబెట్టినవాడు చివర ఓడిపోయిన సందర్భాలున్నాయి. స్వాతంత్ర్యం తర్వాత ఆ ప్రైమరీ కూడా లేదు.

అలబామా ఏడో నియోజకవర్గానికీ మన అమలాపురం, పెద్దపల్లికీ తేడా ఇదే. అక్కడ ఓటర్లలో నల్లవాళ్లెక్కువ, అభ్యర్థి ఎవరైనా కావచ్చు. ఇక్కడ అభ్యర్థి దళితుడే కావాలి, ఓటర్లలో మాత్రం దళితులు తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు నాలుగు, తెలంగాణలో మూడు లోక్‌సభ స్థానాలున్నాయి. ఈ ఏడింటిలో ఒక్క చోట కూడా దళితులు మెజారిటీ కాదు. అందుకే అక్కడి సభ్యుడు తన వాళ్లకు జవాబు చెప్పకపోతే ఇంటికి పోతాడు. ఇక్కడి సభ్యుడు తన వాళ్లకు గట్టిగా జవాబు చెప్తే ఇంటికి పోతాడు.

అయితే అలబామా పద్ధతి ఇక్కడ పెడదామంటే కుదరదు. నల్లవాళ్లు బ్లాక్ బెల్ట్‌లో, నగరాల్లో గుంపుగా వున్నారు. మనం ప్రతి ఊళ్లోనూ వున్నాం, ప్రతి ఊరికీ బయట వున్నాం. కులం మనల్ని ముందే చీల్చి పెట్టింది. వేరే చీల్చేవాడి అవసరం లేదు. అంబేద్కర్ ప్రత్యేక నియోజకవర్గాలడిగింది అందుకే. నేల మీద గీత మనకు పనికిరాదు గనక ఓటర్ల జాబితాలో గీత గియ్యమన్నారు.

మన గెలుపును చూసి నియమం మారిన చరిత్ర కూడా వుంది. మొదట్లో మనకు ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలుండేవి, ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. 1957లో పార్వతీపురంలో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వచ్చాయి. డిప్పల సూరిదొర జనరల్ సీటు గెలిచాడు. ఓడిపోయినవాడు తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. ఆయన సుప్రీం కోర్టు దాకా వెళ్లినా సూరిదొర గెలుపే నిలిచింది. 1961లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను పార్లమెంటు రద్దు చేసింది. రిజర్వుడు అభ్యర్థి జనరల్ సీటులో కూర్చునే ఆ దారి అట్లా పోయింది.

గీత మీద కన్ను

2001లో 84వ సవరణ లోక్‌సభ సీట్ల పంపకాన్ని 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా ఆపింది. ఇప్పటి మన సరిహద్దులు 2008 నాటివి, 2001 లెక్కల మీద గీసినవి. తర్వాతి లెక్కలకు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా 2025లో ప్రకటించారు. కులాలను కూడా లెక్కపెడతామన్నారు. దక్షిణాదికి సీట్లు తగ్గుతాయా అన్న వాదన పత్రికల నిండా వుంది. ఏ ఊరు ఏ సీటులో పడుతుంది, ఏ సీటు రిజర్వుడవుతుంది, దళితులెక్కువున్న మండలాలు ఎన్ని ముక్కలవుతాయి, ఎస్సీల్లో ఏ కులానికి ఆ సీట్లలో వాటా దక్కుతుంది, ఈ ప్రశ్నలు అడిగేవాళ్లే తక్కువ.

మన దగ్గర గీత గీసేది శాసనసభ కాదు, డీలిమిటేషన్ కమిషన్. అది కొంత మేలే. కానీ కమిషన్‌తో కూర్చునే సహాయ సభ్యులు ఎంపీలు, ఎమ్మెల్యేలే. ఆర్డరు వచ్చాక కోర్టుకు పోదామంటే రాజ్యాంగం 329వ అధికరణం తలుపు దాదాపు మూసేసింది. అలబామాలో తీర్పు రావడానికి దారుంది. మనకున్న సమయమల్లా ముసాయిదా అచ్చయినప్పటి నుంచి అభ్యంతరాల గడువు దాకానే. ఆ కొద్ది రోజుల్లో మన చేతిలో పటం, లెక్కలు వుండాలి. మండలాల వారీగా ఎస్సీ జనాభా తీసి పాత సరిహద్దులతో పోల్చే పని ఏ జిల్లాలోనైనా డిగ్రీ విద్యార్థులు నలుగురు, ఒక టీచరు కలిస్తే చెయ్యగలిగిందే. మిల్లిగన్ కేసు గెలిచింది ఉపన్యాసాలతో కాదు, అట్లాంటి పటాలతోనే. రెండో స్థానం గియ్యడం సాధ్యమేనని వాళ్లు గీసి చూపించారు.

సీటొస్తే అన్నీ వస్తాయని మేము చెప్పడం లేదు. లౌండెస్ కౌంటీనే చూడండి. ఆ నల్లమట్టిలో నీళ్లింకవు. పేద నల్లవాళ్ల ఇళ్ల మురుగు పైపుల్లోంచి పెరట్లోకే వస్తుంది. 2017లో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఫిలిప్ ఆల్‌స్టన్ పోయి చూసొచ్చాడు. 2023లో కేంద్ర న్యాయశాఖ, ఇది వివక్ష కేసని విచారణ జరిపి రాష్ట్రంతో ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. నల్లచిరుత పుట్టిన నేలలో అరవై ఏళ్ల ఓటు తర్వాత కూడా మురుగు కాలవ రాలేదు. సీటు సరిపోదు. కానీ సీటు లేని రోజుల్లో ఆ మురుగు గురించి వాషింగ్టన్‌లో మాట్లాడేవాళ్లే లేరు.

మన తాతల్ని ఊరి పొలిమేర బయట పెట్టింది ఒక గీత. అది ఎవరు గీశారో వాళ్లు అడగలేకపోయారు. రాబోయే గీత మన కళ్ల ముందే, గెజిట్‌లో అచ్చయి వస్తుంది. చదువుకున్న మనం దాన్ని చదవకపోతే ఎట్లా?